మేలు ఎరిగిన బతుకు

చలికాలంలో దామంజోడికి ఆలస్యంగా తెల్లవారుతుంది. తెల్లవారినా కొండ కనబడదు. మంచు విడిస్తేగాని ఎదుటి వీధి కూడా పోల్చుకోలేం. ఆ వేళకే పిల్లలు లేచి, వేడినీళ్లతో ముఖం కడుక్కుని, ఒక ఇంట ఇడ్డెన్లు, ఒక ఇంట చద్దన్నం, మరొక ఇంట చోడి అంబలి పుచ్చుకుని బడికి బయలుదేరుతారు. మన చోళ్లనే ఇక్కడివారు మండియా అంటారు. మండియాతో కాచిన పేజ తాగి పొలానికి పోయే ఆడవారూ మగవారూ అదే దారిలో ఎదురవుతారు.

బడికి పోయే పిల్లవాణ్ణి నిలిపి "ఈ పూట నీకు అన్నం పెట్టినదెవరు?" అని అడిగితే "మా అమ్మ" అంటాడు. అది నిజమే. మరి అమ్మకు బియ్యం ఎక్కడివి? నాన్న కొని తెచ్చాడు. నాన్నకు అమ్మినవాడు ఎక్కడి నుండి తెచ్చాడు? కుందులి సంతకు బస్తాలు మోసుకొచ్చినవారు కొందరు, లారీ నడిపినవారు కొందరు, ధాన్యం దంచి మర పట్టినవారు కొందరు. వారికి ముందు కోత కోసినవారు, కలుపు తీసినవారు, మోకాటిలోతు బురదలో వంగి నాట్లు వేసినవారు ఉన్నారు. వారికి తోడు దుక్కి లాగిన ఎడ్లున్నాయి. సకాలంలో పడిన వాన ఉంది. ఇంకా వెనక్కి పోతే, ఎప్పుడో వేల ఏళ్ల కిందట అడవి గడ్డిలో ఒక గింజను ఏరి, రుచి చూసి, మళ్లీ నేలలో వేసిన మనిషి ఉన్నాడు. బహుశా ఆమె స్త్రీ కావచ్చు. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. నాలుగు ముద్దల వెనుక లెక్క మొదలుపెడితే అది ఇంతదూరం పోతుంది.

ఇలా లెక్క చూసుకోవడానికే మన పెద్దలు కృతజ్ఞత అని పేరు పెట్టారు. ఇది సంస్కృత పదం. 'కృతం' అంటే చేయబడినది. 'జ్ఞ' అంటే ఎరిగినవాడు. తనకు చేయబడినదానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఆ గుణం కృతజ్ఞత. దీనికి వ్యతిరేకమైన మాట కృతఘ్నుడు. చేయబడినదానిని చంపినవాడని దాని అర్థం. 'జ్ఞ'కూ 'ఘ్న'కూ వినికిడిలో ఉన్న తేడా స్వల్పం, అర్థంలో ఉన్న తేడా మాత్రం చాలా పెద్దది. కృతజ్ఞత అనే మాటలో చేతులు జోడించడం లేదు. తల వంచడం లేదు. దేవుడి ప్రస్తావన కూడా లేదు. ఉన్నదల్లా ఎరుక. కృతజ్ఞత దైవభక్తి గలవారికే సాధ్యమా, లేనివారికీ సాధ్యమా అనే ప్రశ్న వచ్చినప్పుడు ఈ పదనిర్మాణాన్ని గుర్తు చేసుకోవడం మంచిది.

ఇంకొక సంగతి. తెలుగువారి ఇళ్లలో నిత్యం వాడుకునేందుకు ఈ భావానికి ఒక విడిమాట లేదు. ధన్యవాదాలు, కృతజ్ఞతలు అనేవి సభలలోను, ఉత్తరాలలోను వినబడే మాటలు. థాంక్స్ ఆంగ్లం నుండి వచ్చింది. కొడుకు అన్నం తిని లేచి "అమ్మా, నీకు ధన్యవాదాలు" అంటే ఆ తల్లి నవ్వుతుంది, లేదా ఒంట్లో ఎలా ఉందోనని నుదురు తాకి చూస్తుంది. అంతమాత్రాన తెలుగువారు మేలు మరచేవారని అనుకోరాదు. వారు ఆ భావాన్ని దీవెనగా మార్చి పలుకుతారు. దాహానికి మజ్జిగ పోసిన ఇల్లాలిని "నీ కడుపు చల్లగుండ తల్లీ" అంటుంది ముసలమ్మ. బరువు ఎత్తిపెట్టిన కుర్రవాణ్ణి "నూరేళ్లు బతుకు నాయనా" అంటాడు తాత. భోజనం చేసి లేచిన అతిథి "అన్నదాతా సుఖీభవ" అంటాడు. కష్టంలో ఆదుకున్నవారితో "మీ ఋణం ఈ జన్మలో తీరదు" అంటారు. "ఉప్పు తిన్న ఇల్లు" అన్న మాటను అందరూ విన్నదే. కోరాపుట్ జిల్లాలో ఎదురుపడినవారు "జుహార్" అని పలకరించుకుంటారు. మన తెలుగులోని జోహారు దీనికి చుట్టమే. మనమేమో దాన్ని ఇంచుమించు సభలకూ నినాదాలకూ అప్పగించాం. ఇక్కడ అది సంతదారిలో ఇంకా నడుస్తోంది.

దేవుణ్ణి నమ్మినవారు ఈ ఎరుకను పండుగలలో భద్రపరచారు. కోరాపుట్, అల్లూరి సీతారామరాజు జిల్లాల కొండగ్రామాలలో చైత్రమాసం వచ్చి పండుగ చేసుకునేదాకా కొత్త మామిడికాయను నోట పెట్టని ఆచారం చాలాచోట్ల ఉంది. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా పిల్లలు ఆగుతారు. మొదటి పాలు నేలతల్లికీ, గతించిన పెద్దలకూ పెట్టిన తరువాతే మనుషులు తింటారు. ఒడియావారు ఈ నెల పండుగను చైత్ర పరబ్ అంటారు. విశాఖ మన్యంలో తెలుగు మాట్లాడే గిరిజనులు మామిడికొత్త, కొర్రకొత్త, చిక్కుడుకొత్త అని ప్రతి కొత్త పంటకూ ఒక పండుగ పెట్టుకున్నారు. పశ్చిమ ఒడిశాలో వినాయకచవితి మరునాడు నువాఖాయి జరుగుతుంది. కొత్త బియ్యంతో వండినది దేవతకు నివేదించి, ఆపైన చిన్నవారు పెద్దలకు జుహార్ చేస్తారు.

కోస్తా జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి కనుమ సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, కడుపునిండా మేపుతారు. ఏడాది పొడవునా ములుకోలతో పొడిచిన చేయే ఆ రోజు గంధం పూస్తుంది. చూరుకు వరికంకుల కుచ్చు వేలాడదీసి పిచ్చుకలకు వదిలిపెట్టడం మరొక ఆచారం. పిచ్చుక రైతుకు చేసిన మేలు ఏమిటని అడిగేవారుంటారు. పంటకు పట్టిన పురుగును తిని పెడుతుంది కదా! క్రైస్తవులు కోతల పండుగనాడు తమ పొలంలో, పెరటిలో పండిన దానిని గుడికి తెచ్చి సమర్పిస్తారు. ముస్లిములు భోజనం ముగించి "అల్‌హందులిల్లాహ్" అంటారు. స్తుతి అంతా దేవునిదే అని దాని భావం. భారతం ఆదిపర్వంలో పాండురాజు మనిషి నాలుగు ఋణాలతో పుడతాడని చెబుతాడు. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు మనం పడిన బాకీలు మూడు. నాలుగోది తోటి మనుషులకు పడిన బాకీ. ఈ నాలుగోదాన్ని చాలామంది మరచిపోతారు.

అన్నానికి, నీటికి, చదువుకు ఎవరో ఒకరిని తలచుకోవచ్చు. కాని అన్నిటికంటే ముందు మనిషికి అందినది ప్రాణం. మంచు విడిచి ఎండ వచ్చినప్పుడు ఒంటికి తగిలే వెచ్చదనం, జ్వరం తగ్గి లేచిన రోజు నోటికి తెలిసే రుచి, ఇవన్నీ ప్రాణం ఉండబట్టి కలిగినవి. వీటికి ఎవరిని తలచుకోవాలి? భక్తునికి ఈ ప్రశ్న కష్టమైనది కాదు. అతని ఉత్తరానికి చిరునామా ఉంది. దేవుడు లేడనుకునేవాడు, లేదా ఉన్నాడో లేడో తేల్చుకోలేనివాడు ఏం చేయాలి? అతనికీ ఆ ఎండ వెచ్చగానే తగులుతుంది. రాసిన ఉత్తరం చేతిలో ఉండి, చిరునామా లేని స్థితి అతనిది.

ఈ స్థితికి ఒక పాత కథ ఉంది. లోకాన్ని సృష్టించిన దేవుణ్ణి గురించి బుద్ధుడు బోధించలేదు. అయినా, జ్ఞానోదయం కలిగాక ఆయన తనకు నీడనిచ్చిన బోధిచెట్టుకు ఎదురుగా నిలిచి, ఏడు రోజులపాటు రెప్పవేయకుండా దానినే చూశాడని బౌద్ధులు చెప్పుకుంటారు. బుద్ధగయలో ఆ చోటిని అనిమేషలోచనం అని నేటికీ చూపుతారు. చెట్టు మాట్లాడదు. దానికి దీవెన తెలియదు. తనకు నీడ అందిందని ఆయనకు తెలుసు, అంతే.

రెండవ ఉదాహరణ మన కాలానికి దగ్గరిది, ఈ రాష్ట్రానికి సంబంధించినది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక ముందు కోరాపుట్ ప్రాంతం జయపురం సంస్థానంలో భాగంగా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. గంజాం జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. ఆ గంజాం జిల్లాలోని ఛత్రపురంలో 1902 నవంబరు 15న గోపరాజు రామచంద్రరావు పుట్టారు. గోరా అన్న పేరుతో ఆయన ప్రసిద్ధులు. వృక్షశాస్త్రం చదివి కళాశాలల్లో అధ్యాపకులుగా పనిచేశారు. దేవుడు లేడన్న తన అభిప్రాయాన్ని దాచుకోకపోవడం వల్ల కొలువు వదులుకోవలసి వచ్చింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. అన్ని కులాలవారూ ఒకే వరుసలో కూర్చుండే సహపంక్తి భోజనాలు ఆయన నడిపారు. మనిషి తన బతుకు బాధ్యతను మరొకరి మీద పెట్టరాదని, తోటి మనిషికి తానే జవాబుదారీ అని గోరా వాదించేవారు.

1930లో, ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది, ఆయన ఇంట ఒక మగబిడ్డ పుట్టాడు. దేవుని దయవల్ల బిడ్డ కలిగాడని తలచేవారు ఆ దేవుని పేరే పెట్టుకుంటారు. గోరా దంపతులు ఆ బిడ్డకు లవణం అని పేరు పెట్టారు. సముద్రపు ఒడ్డున ఉప్పు వండి దెబ్బలు తిన్నవారు దేశమంతటా ఎందరో ఉన్నారు. వారి పనికి గుర్తు ఆ పేరులో ఉండిపోయింది. ఉప్పు తిన్న ఇంటిని తలచుకోవడమంటే ఇదీ ఒక పద్ధతే. ఆ లవణం పెద్దవాడై సంఘసంస్కర్తగా పేరుపొందారు.

గోరాకూ గాంధీజీకీ నడుమ జరిగిన సంగతి ఇంకా చెప్పుకోదగినది. గాంధీజీ నిత్యం ప్రార్థన చేసే మనిషి. గోరా ప్రార్థన అక్కరలేదనే మనిషి. 1944లో గోరా సేవాగ్రాం వెళ్లి ఆయనను కలుసుకున్నారు. ఒకరినొకరు మార్చాలని కాక, ఒకరినొకరు తెలుసుకోవాలని మాట్లాడుకున్నారు. గోరా తన కుమార్తె మనోరమకు అప్పట్లో అంటరానివారుగా చూడబడిన కులానికి చెందిన అర్జునరావుతో పెళ్లి నిశ్చయించగా, ఆ పెళ్లి ఆశ్రమంలో తన సమక్షంలో జరగాలని గాంధీజీ కోరుకున్నారు. ప్రమాణం దేవుని పేరిట కాక సత్యం పేరిట చేయడానికి కూడా ఆయన ఒప్పుకున్నారు. ఆ ముహూర్తానికి ముందే, 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. ఇచ్చిన మాట ప్రకారం 1948 మార్చి 13న ఆ వివాహం సేవాగ్రాంలోనే జరిగింది. ఆ తరువాత గోరా తమ పరిచయాన్ని గురించి ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం రాశారు. 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' అన్న ఆ పుస్తకాన్ని 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే ప్రచురించింది. గోరా చివరిదాకా నాస్తికులుగానే ఉన్నారు. 1975లో మరణించారు. తనకు చేయబడినదానిని ఎరిగి రాసిపెట్టడానికి ఆయనకు దైవభక్తి అడ్డమూ కాలేదు, అవసరమూ కాలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. మేలును గుర్తుంచుకోవడానికీ, అప్పుకూ మనం ఒకే మాట వాడుతున్నాం. రెండింటినీ ఋణమే అంటున్నాం. ఈ కలగలుపు వల్ల కోరాపుట్ సీమ చాలా నష్టపోయింది. షావుకారు దగ్గర కొద్దిపాటి సొమ్ము తీసుకుని, అది తీరేదాకా అతని పొలంలో కట్టు పనివాడుగా ఉండేవారిని ఇక్కడ గోతి అనేవారు. తెలుగువారికి ఆ మాట వినగానే గుంట గుర్తుకు వస్తుంది. మాట వేరే అయినా, అందులో పడినవారు పైకి రావడం అంతే కష్టం. వడ్డీకి వడ్డీ కట్టి, అప్పు తండ్రి నుండి కొడుకుకు వచ్చేది. కోరాపుట్‌లో అధికారిగా పనిచేసిన ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945లో ప్రచురించిన 'పరజా' నవలలో ఒక తండ్రీ, అతని కొడుకులూ ఇలా గోతులై, భూమిని పోగొట్టుకుని, చివరకు షావుకారునే చంపే స్థితికి రావడం చదువుతాం. కట్టు పనివాడు ఎదురు మాట్లాడితే "నా ఉప్పు తిన్నావు" అని నోరు మూయించడం యజమానికి చాలా తేలిక. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి ఇటువంటి అప్పులన్నిటినీ రద్దు చేసింది. ఒకరు కూర్చుని వసూలు చేసేది బాకీ. మేలు పొందినవారు తమంతట తాము ఎరిగేది కృతజ్ఞత. ఇచ్చినవాడు దానిని అడిగిన మరుక్షణం అది బాకీ అయిపోతుంది.

ఈ తేడా మనసులో ఉంచుకుని దామంజోడిని చూడాలి. 1981లో ఏర్పడిన జాతీయ అల్యూమినియం సంస్థ, నాల్కో, ఇక్కడ కర్మాగారాన్ని కట్టింది. పంచపట్మాలి కొండ మీద తవ్విన బాక్సైటు 14 కిలోమీటర్లకు పైబడిన పొడవు గల బెల్టు మీద కొండ దిగి వస్తుంది. కర్మాగారంలో దానిని కాస్టిక్ సోడాతో ఉడికించి, అల్యూమినా అనే తెల్లని పొడిగా మారుస్తారు. ఆ పొడి కొంత అంగుల్‌కు పోయి లోహమవుతుంది, కొంత విశాఖపట్నం రేవు నుండి ఓడలెక్కుతుంది. మిగిలిన ఎర్రమట్టి ఇక్కడే చెరువులుగా నిలుస్తుంది. ఈ పని కోసం ఎక్కడెక్కడి నుండో వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి పిల్లలకు ఇల్లు, బడి, ఆసుపత్రి ఈ పట్టణమే.

ఈ పట్టణం ఖాళీ నేల మీద లేచింది కాదు. ఇక్కడ పొలాలుండేవి, ఊళ్లుండేవి, వాటిలో గిరిజన కుటుంబాలు చాలా ఉండేవి. కర్మాగారానికీ గనులకూ నేల తీసుకున్నప్పుడు వారిలో ఎందరో ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు చేరారు. అమలాబాడి అటువంటి కాలనీ. కొందరికి కర్మాగారంలో కొలువులు వచ్చాయి. పొలం పోయిన బాధ కొలువుతో తీరిందా అన్నది వారే చెప్పాలి. ఆ కొలువుకు వారు కృతజ్ఞులై ఉండాలని చెప్పే అధికారం మరొకరికి లేదు. వారి పొలం ఉన్న చోట ఇల్లు కట్టుకున్నవారు మాత్రం ఆ సంగతి ఎరిగి ఉండవలసిందే. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మాటా ఇంతే. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు కలిసి కట్టిన ఆ కేంద్రం 1955లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. విశాఖలో దీపాలు వెలిగాయి. జలాపుట్ జలాశయం కింద మునిగిన ఊళ్లలోనివారిలో ఎక్కువమంది గిరిజనులు. వారి పేర్లు ఏ స్విచ్చు మీదా రాసి లేవు.

బడికి పోయే పిల్లవాని అన్నం దగ్గర మొదలుపెట్టిన లెక్కలో ఒక మనిషి పేరు తెలియలేదని చెప్పుకున్నాం. అడవి గడ్డిలో మొదట గింజ ఏరిన ఆ మనిషికి చెల్లించే దారి లేదు. జయపురం ప్రాంతం వరి రకాలకు పుట్టిల్లు వంటిదని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతులలో ఒకటిగా గుర్తించింది. సన్నగా, నల్లగా, సువాసనతో ఉండే ఇక్కడి కాలాజీరా వరికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఈ రకాలు ఇన్నాళ్లు నిలవడానికి కారణం గిడ్డంగులు కాదు. ఇళ్లలో కుండల్లోను, గాదెల్లోను విత్తనం దాచి, ఏటా మళ్లీ వేసి, మళ్లీ దాచిన ఆడవారే కారణం. బొయిపారిగుడ సమితిలోని పత్రాపుట్ అనే ఊరిలో కమలా పూజారి అనే పరజా స్త్రీ ఉండేది. ఆమె బడిలో చదువుకోలేదు. ఎక్కువ దిగుబడి ఇచ్చే కొత్త విత్తనాలు వచ్చి పాతవి ఒక్కొక్కటిగా మాయమవుతుంటే, ఆమె ఊరూరా తిరిగి వాటిని సేకరించింది. తన దగ్గర ఉన్నది ఇచ్చి, లేనిది పుచ్చుకునేది. అలా నూరు రకాలకు పైగా దేశవాళీ వరిని కాపాడింది. జయపురంలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఆమెకు తోడు నిలిచింది. 2019లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూలైలో ఆమె మరణించింది.

ఆమెకు ఆ విత్తనాలను వదిలిపోయినవారెవరో ఆమె ఎరగదు. ఆమె ఎవరికి వదిలిపోయిందో వారూ ఇంకా పుట్టవలసే ఉంది. తొలకరి పడగానే జయపురం పల్లాల్లో ఆ వడ్లు మళ్లీ మడిలో పడతాయి.